ఇంట్లో వీణ, గిటార్ రికార్డింగుకి 20 వేల లోపు కంప్రెసర్ ఏది తీసుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఇంట్లోనే ఒక గదిలో రికార్డింగ్ చేసుకుంటున్నాం. మా అక్క వీణ, నేను అకూస్టిక్ గిటార్, మామయ్య ఊళ్లో ఉన్నప్పుడు మృదంగం. ఉన్న సామాను ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 (మూడో తరం) ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా), ఆడియో టెక్నికా ఏటీ2020 మైకు ఒకటి, ష్యూర్ ఎస్ఎం57 ఒకటి, లాప్‌టాప్‌లో రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్).

సమస్య ఎక్కువగా వీణతోనే. అక్క గట్టిగా మీటినప్పుడు గెయిన్ (మైకు సిగ్నల్ ఎంత పెంచాలో పెట్టే) నాబ్ చుట్టూ ఉండే వలయం ఎర్రబడిపోతుంది, సరే అని గెయిన్ తగ్గిస్తే తీగ లాగి గమకం పలికించే చోట వినీ వినపడనట్టు ఉంటుంది. రెండోది, యూట్యూబ్‌లో పెట్టాక మిగతావాళ్ల వీడియోల పక్కన మాది నీరసంగా వినిపిస్తోంది. తెలిసినాయన ఒకరు "హార్డ్‌వేర్ కంప్రెసర్ ఒకటి కొనెయ్, రెండూ తీరిపోతాయి" అన్నారు. కంప్రెసర్ అంటే గట్టి శబ్దాన్ని తనంతట తనే దించి, గట్టికీ మెత్తకీ తేడా తగ్గించేది అట. చూస్తే డీబీఎక్స్ 266ఎక్స్ఎస్, బెరింగర్ ఎండీఎక్స్2600 బడ్జెట్‌లో కనిపిస్తున్నాయి. ఆర్ఎన్‌సీ అని ఒక చిన్న డబ్బా గురించి కూడా చాలా గొప్పగా రాశారు కానీ అది ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో అర్థం కాలేదు.

ఏది కొనాలి? మైకుని నేరుగా కంప్రెసర్‌లో పెట్టి, అక్కణ్ణుంచి 2ఐ2లోకి తీసుకోవచ్చా? దయచేసి "ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ కంప్రెసర్) వాడుకో బ్రో" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోకండి, అలా అయితే ఎందుకో కూడా చెప్పండి.

---

టేప్‌రీలు:

ముందు ఆఖరి ప్రశ్నకి. పెట్టకూడదు. పెట్టినా పని చెయ్యదు. 266ఎక్స్ఎస్ అయినా ఎండీఎక్స్2600 అయినా లైన్ లెవెల్ (ముందే పెంచిన, బలమైన) సిగ్నల్ కోసం చేసినవి, మైకు నుంచి వచ్చే సిగ్నల్ వాటికి ఏ మూలకీ చాలదు. పైగా మీ ఏటీ2020కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోంచే వెళ్లే కరెంటు) కావాలి, అది కంప్రెసర్ ఇవ్వదు. వరుస ఎలా ఉండాలంటే మైకు, తర్వాత ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచేది), తర్వాత కంప్రెసర్, తర్వాత ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్. మీ ప్రీయాంప్ ఏమో 2ఐ2 లోపలే ఉంది, అక్కణ్ణుంచి సిగ్నల్ తిన్నగా (దాన్ని అంకెలుగా మార్చే) కన్వర్టర్‌లోకి పోతుంది. మధ్యలో బయటికి తీసి మళ్లీ లోపలికి పంపడానికి ఇన్సర్ట్ జాక్ ఆ మోడల్‌కి లేదు. అంటే కంప్రెసర్ కొంటే దాంతోపాటు విడిగా ప్రీయాంప్ కూడా కొనాలి. మీ 20 వేలు అక్కడితో గోవిందా.

ఇక ఆ "రెండూ తీరిపోతాయి" మాట. ఎర్ర వలయం వచ్చేది ప్రీయాంప్ నిండిపోయినప్పుడు. కంప్రెసర్ కూర్చునేది దాని తర్వాత. ముందే పగిలిన శబ్దాన్ని వెనకాల వచ్చేది అతికించలేదు కదా. గెయిన్ తగ్గించడం ఒక్కటే దానికి మందు, ఆ తగ్గించడానికి మీరు అనవసరంగా భయపడుతున్నారు.

ఎందుకు అనవసరం అంటున్నానంటే, టేపు మీద రికార్డు చేసిన రోజుల్లో చిన్న శబ్దాలు టేపు బుసలో కలిసిపోయేవి, అందుకని లోపలికి వెళ్లేటప్పుడే నొక్కి పంపేవాళ్లు. 16 బిట్ డిజిటల్ మొదలైన రోజుల్లోనూ ఆ అలవాటే సాగింది. 24 బిట్‌లో లెక్క ప్రకారం చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య 144 డీబీ (డెసిబెల్) చోటు ఉంటుంది, కన్వర్టర్ నిజంగా ఇచ్చేది 110 దగ్గర అనుకున్నా అది ఎక్కువే. అక్క ఎంత గట్టిగా మీటినా మీటర్ (సున్నా దగ్గర పగులుతుంది) మైనస్ 12 డీబీ దాటకుండా గెయిన్ పెట్టండి. గమకం సాగే చోట మైనస్ 40లో ఉన్నా ఏమీ పోలేదు, అంతా ఫైలులో ఉంది, తర్వాత పైకి లేపుకోవచ్చు. లేపినప్పుడు సరసరమని ఏదైనా వినిపిస్తే అది ఇంటర్‌ఫేస్ తప్పు కాదు, మీ గదిలో ఫ్యాను.

కాబట్టి నా మాట: హార్డ్‌వేర్ వద్దు. రీపర్‌లోనే రియాకాంప్ ఉంది, అది చాలు. ఉచితంగా ఇంకోటి కావాలంటే టీడీఆర్ కొటెల్నికోవ్ దించుకోండి, లేదా రెండే నాబ్‌లు చాలనుకుంటే క్లాంగ్‌హెల్మ్ డీసీ1ఏ. పాత ఆప్టికల్ (కాంతితో పనిచేసే) కంప్రెసర్ తరహా మెత్తదనం ఇష్టమైతే అనలాగ్ అబ్సెషన్ వాళ్ల లాలా. వీటికి డబ్బు పెట్టక్కర్లేదు.

---

మీటు_వీణ:

వీణ మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నా. నేను వాయిస్తాను, నావి నేనే రికార్డు చేసుకుంటాను. పైన చెప్పినదంతా నిజమే కానీ "రియాకాంప్ చాలు" అని వదిలేస్తే ఈ అబ్బాయి ఏదో ప్రీసెట్ పెడతాడు, అందులో చాలావరకు డ్రమ్స్‌కీ పాటకీ చేసినవి, వీణ కాస్తా కీబోర్డులో సితార్ టోన్‌లా తయారవుతుంది.

వీణలో రెండు సంగతులు ఉన్నాయండి. గోరు తీగని వదిలిన క్షణంలో టక్కుమని ఒక చిన్న మొన వస్తుంది, మీటు అంటే అదే. ఆ వెనకాల తీగ పలుకుతూ సన్నగిల్లుతూ పోతుంది, ఆ సన్నగిల్లేటప్పుడే ఎడమచేత్తో లాగి గమకం పలికిస్తాం, ఒక్క మీటుకి నాలుగైదు స్వరాలు లాగేవాళ్లూ ఉన్నారు. కంప్రెసర్ అటాక్ (నొక్కడం మొదలుపెట్టేందుకు తీసుకునే సమయం) 1 మిల్లీసెకన్ పెట్టారనుకోండి, ఆ మొన విరిగిపోతుంది, వాయిద్యానికి దూది చుట్టి వాయించినట్టుంటుంది. 30 మిల్లీసెకన్లు పెట్టండి, మొన బయటపడి వెళ్లిపోయాక అప్పుడు నొక్కడం మొదలుపెడుతుంది. రేషియో (ఎంత నొక్కాలో) 2:1 చాలు. థ్రెషోల్డ్ (ఏ లెవెల్ దాటితే నొక్కాలో) ఎంత అని నన్నడక్కండి, మీ లెవెల్ మీకే తెలుసు, గట్టి మీటు దగ్గర గెయిన్ రిడక్షన్ (ఎంత దించుతోందో చూపే) మీటర్ 3 డీబీ చూపించేదాకా దించండి, మామూలు మీటు దగ్గర అది కదలీ కదలనట్టు ఉండాలి.

రిలీజ్ (నొక్కింది వదలడానికి పట్టే సమయం) దగ్గరే అందరూ పొరపడతారు. "గమకం పైకి రావాలి కదా, రిలీజ్ తొందరగా పెడితే తొందరగా పైకొస్తుంది" అనుకుంటారు. వస్తుంది, కానీ పైన రెండు తీగల మీదే. కింది తీగ మీదకి వెళ్లగానే గరగరలాడుతుంది. ఎందుకో లెక్క చూడండి. మూడు శ్రుతిలో సారణి (మొదటి తీగ) సుమారు 165 హెర్ట్జ్, అన్నిటికన్నా కింది స్థాయి అనుమంద్రం తీగ 62 దగ్గర ఉంటుంది. 62 అంటే ఒక్క కంపనానికి 16 మిల్లీసెకన్లు. రిలీజ్ 20 పెడితే కంప్రెసర్ స్వరాన్ని కాదు, తీగ ఊగే ప్రతి ఊపునీ పట్టుకుని పైకీ కిందకీ లాగుతుంది. 200 నుంచి మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. ఆలాపనకి 300 అయినా బాగుంటుంది, తానం వాయించేటప్పుడు మీటు మీద మీటు పడుతుంది కాబట్టి 120 దాకా తగ్గించవచ్చు.

రియాకాంప్‌లో ఆటో మేకప్ (నొక్కినదాన్ని తనే పైకెత్తేది) అని ఒక టిక్కు ఉంటుంది, తీసేయండి. అది ఉన్నంతసేపు అంతా గట్టిగా వినిపిస్తుంది, గట్టిగా ఉన్నదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది, అసలు మీరు పెట్టిన సెట్టింగ్ మంచి చేసిందో చెడ్డ చేసిందో తెలియదు. వెట్ (కంప్రెస్ అయిన శబ్దం) స్లైడర్‌తో లెవెల్ సమానం చేసుకుని అప్పుడు బైపాస్ (కంప్రెసర్ లేకుండా వినిపించే బటన్) నొక్కి, తీసి, నొక్కి వినండి.

ఇంకోటి. తాళం తీగలు! మూడు తీగలూ పక్కన ఉంటాయి, చిటికెనవేలితో కొడతాం, మైకుని అటువైపు పెట్టారంటే కంప్రెసర్ అన్నిటికన్నా ముందు వాటినే పట్టుకుంటుంది, తాళం పడ్డ ప్రతిసారీ రాగం కిందకి కుంగుతుంది. మైకుని కుండకి ఒక అడుగున్నర దూరంలో, కొద్దిగా పైనుంచి, గుర్రానికీ (తీగలు ఆనే బ్రిడ్జికీ) మీటే చోటుకీ మధ్యకి చూసేట్టు పెట్టండి. అరడుగు జరిపి చూస్తే వచ్చే తేడా ఏ కంప్రెసరూ తేలేదు.

---

డాలస్_బాబాయ్:

అందరూ కలిసి హార్డ్‌వేర్‌ని పాడె ఎక్కించేస్తున్నారు, నేనొక్కణ్ణి దాని పక్షాన మాట్లాడతాను :)

ఆ ఆర్ఎన్‌సీ నా దగ్గరుంది. ఎఫ్ఎంఆర్ ఆడియో అని ఇక్కడ టెక్సాస్ కంపెనీదే, పూర్తి పేరు రియల్లీ నైస్ కంప్రెసర్. చూడ్డానికి పాత మోడెమ్‌లా ఉంటుంది, బరువు ఉండదు, మీటరూ పెద్దగా ఉండదు, కానీ అకూస్టిక్ గిటార్ మీద పని చేసిందని కనిపించకుండా చేస్తుంది. సూపర్ నైస్ అని ఒక బటన్ ఉంది, అది నొక్కితే ఒక్కసారిగా నొక్కకుండా ఒకదాని వెనక ఒకటిగా కొద్దికొద్దిగా నొక్కుతుంది. వేళ్లతో వాయించే గిటార్‌కి అది పెట్టి వదిలేస్తాను. ఇక్కడ 200 డాలర్ల చుట్టుపక్కల నడిచేది, సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తక్కువకీ దొరుకుతుంది.

ప్లగిన్‌తో రాదా అంటే, వస్తుంది. మరి ఎందుకుంచుకున్నానంటే, నాబ్ చేత్తో తిప్పి, బాగుంది అనిపించి, అలాగే రికార్డు చేసేస్తే మళ్లీ దాని మొహం చూడక్కర్లేదు. ప్లగిన్లయితే రాత్రి పన్నెండు దాకా 2:1 నుంచి 2.2:1కి, మళ్లీ వెనక్కి, ఇదే పని. నా బలహీనత అనుకోండి. అయితే ఒకసారి ఎక్కువ నొక్కి రికార్డు చేస్తే దాన్ని విప్పడం కుదరదు, అది నిజం.

మీకు కొనాలనే ఉంటే రెండు దార్లు. ఒకటి, 2ఐ2 బదులు నాలుగు అవుట్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్, ఉదాహరణకి స్కార్లెట్ 4ఐ4. మామూలుగా రికార్డు చేసేసి, తర్వాత 3, 4 అవుట్‌పుట్ల నుంచి కంప్రెసర్‌లోకి పంపి, లైన్ ఇన్‌పుట్లలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. రీపర్‌లో రియాఇన్సర్ట్ అని ఉంది, పోయి రావడానికి పట్టే ఆలస్యాన్ని అదే కొలిచి సర్దుతుంది. ఒరిజినల్ అలాగే భద్రంగా ఉంటుంది, హార్డ్‌వేర్ సరదా తీరుతుంది. మీ 2ఐ2కి ఉన్నవి రెండే అవుట్‌పుట్లు, అవి స్పీకర్లకే సరిపోతాయి.

రెండోది, కంప్రెసర్ లోపలే ఉన్న ఇంటర్‌ఫేస్. యూనివర్సల్ ఆడియో వోల్ట్ 176, 276ల్లో పాత 1176 (పేరున్న స్టూడియో కంప్రెసర్) తరహా అనలాగ్ కంప్రెసర్ ప్రీయాంప్ తర్వాతే పెట్టారు. వోకల్, గిటార్, ఫాస్ట్ అని మూడే అమరికలు. నాబ్‌లు లేవని గొణిగేవాళ్లున్నారు, నాకైతే అదే మంచిదనిపిస్తుంది. పేరు చివర 76 లేని వోల్ట్ 1, వోల్ట్ 2ల్లో ఇది ఉండదు, చూసి కొనండి.

---

టేప్‌రీలు:

@డాలస్_బాబాయ్ గారూ, మీ మాటతో నాకు పేచీ లేదు, కానీ 1176 తరహా వీణకి అంటే కొంచెం ఆలోచించాలి. అసలు 1176లో అటాక్ ఎంత నెమ్మదిగా పెట్టినా 800 మైక్రోసెకన్లే, అంటే ఒక మిల్లీసెకన్ కూడా కాదు. మీటు_వీణ గారు పైన 30 మిల్లీసెకన్లు పెట్టమన్నారు. పాటకి, గట్టిగా స్ట్రమ్ చేసే గిటార్‌కి అది అద్భుతం, వీణ మీటుకి మాత్రం చాలా తక్కువగా తగలాలి. ఎల్ఏ-2ఏ (ఇంకో పాత కంప్రెసర్) తరహా ఆప్టికల్ అయితే అటాక్ 10 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, వదలడం కూడా మొదట సగం తొందరగా, మిగతా సగం తీరిగ్గా వదులుతుంది, సాగే తీగలకి అది నప్పుతుంది.

---

చాపుతాళం:

మృదంగం ఎవరూ పట్టించుకోలేదేంటి.

మామయ్య వాయించినప్పుడు తొప్పి (ఎడమ) వైపు గుంకి (గుమ్మనే దెబ్బ) పడగానే మొత్తం కిందకి వెళ్లిపోయి మళ్లీ లేస్తూ ఉంటుంది, గమనించారా? కింది స్థాయి శబ్దంలో బలం ఎక్కువ, కంప్రెసర్‌కి ముందు కనపడేది అదే. కుడివైపు ఎంత నాజూగ్గా వాయించినా ఎడమచేతి దెబ్బకి అదీ నలిగిపోతుంది. రియాకాంప్‌లో హైపాస్ (కింది స్థాయిని కోసే) స్లైడర్ ఉంది, అది మీరు వినే శబ్దాన్ని కోయదు, కంప్రెసర్ వినేదాన్ని మాత్రమే కోస్తుంది. 120 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, తొప్పి గుండ్రంగా అలాగే ఉంటుంది, నొక్కుడు మాత్రం చాపు, నం దెబ్బల్ని బట్టి జరుగుతుంది. చవక హార్డ్‌వేర్ కొనేవాళ్లు కూడా ఈ సౌకర్యం ఉందో లేదో చూసుకోవాలి.

ఇంకా కుదిరితే రెండు వైపులకీ రెండు మైకులు పెట్టి, విడివిడి ట్రాకుల్లో కంప్రెస్ చెయ్యండి. మీకున్న ఎస్ఎం57 తొప్పి వైపు, ఏటీ2020 కుడి వైపు. కానీ వీణ, మృదంగం ఒకే గదిలో ఒకేసారి వాయిస్తుంటే ఇవన్నీ సగమే పనిచేస్తాయి, వీణ మైకులో మృదంగం నిండా పడుతుంది, మృదంగం కొట్టినప్పుడల్లా వీణ కంప్రెసర్ కదులుతుంది. శ్రుతిపెట్టె హెడ్‌ఫోన్లలో పెట్టుకుని ముందు వీణ, తర్వాత మృదంగం విడిగా తీసుకోవడమే సుఖం.

---

గోదారిగట్టు:

అబ్బా, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. @మీటు_వీణ గారు చెప్పిన సెట్టింగులు పాత రికార్డింగ్ మీద పెట్టి చూశాను, గమకం నిజంగానే ముందుకొచ్చింది. కానీ దాంతోపాటు గదిలో "హూ" అని ఒక హోరు, వీధిలో బండి వెళ్లినా తెలిసిపోతోంది. ఇంతకుముందు ఇది లేదు! దీనికేం చెయ్యాలి? గేట్ (చిన్న శబ్దాల్ని మూసేసేది) పెట్టాలా? యూట్యూబ్ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

---

టేప్‌రీలు:

ఇంతకుముందూ ఉంది. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని దించింది, ఆ దించినదాన్ని మీరు మొత్తంగా పైకెత్తారు. 6 డీబీ ఎత్తితే హోరు కూడా 6 డీబీ లేస్తుంది. గేట్ పెట్టకండి, గమకం తోక తెగిపోతుంది, హోరు వస్తూ పోతూ ఉంటే ఇంకా చిరాకు. ఆ 20 వేలల్లో మూడు నాలుగు వేలు గది మీద పెట్టండి. హాల్లో రికార్డు చేస్తుంటే మానేసి బట్టల బీరువా, పరుపు ఉన్న పడకగదికి మారండి. టైల్స్ మీద బొంత, కిటికీకి మందపాటి దుప్పటి, ఫ్యాన్ బంద్. ఎండాకాలంలో కష్టమే, మేమూ చెమటలు కక్కుతూనే తీసుకుంటాం, టేకుకీ టేకుకీ మధ్య ఫ్యాన్ వేసుకోండి. ఇంటి పక్క బోరు మోటరు ఎప్పుడు వేస్తారో కనుక్కుని పెట్టుకోండి, అది గోడలోంచి వస్తుంది, దుప్పటికి ఆగదు.

కంప్రెసర్ కన్నా ముందు వాల్యూమ్ ఎన్వలప్ (ట్రాకు మీద చోటుచోటుకీ వాల్యూమ్ మార్చే గీత) వాడడం అలవాటు చేసుకోండి. మరీ గట్టిగా పడ్డ మీట్లు ఎన్నో ఉండవు, వాటిని చేత్తో 3, 4 డీబీ దించేస్తే కంప్రెసర్‌కి మిగిలే పని చాలా తక్కువ, హోరు కూడా అంత లేవదు. ఓపిక పని, కానీ నాకు తెలిసి అకూస్టిక్ వాయిద్యాలకి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు.

యూట్యూబ్ విషయం వేరు. అది సుమారు మైనస్ 14 లఫ్స్ (మొత్తం గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) కన్నా గట్టిగా ఉన్నవాటిని దించుతుంది, తక్కువగా ఉన్నవాటిని పైకెత్తదు. మీవి బహుశా మైనస్ 22, 24లో ఉండి ఉంటాయి, అందుకే నీరసం. ట్రాక్ మీద కంప్రెసర్‌తో దీన్ని తీర్చాలని చూడకండి. మాస్టర్ మీద ఆఖర్న ఒక లిమిటర్ (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వనిది), రీపర్‌లో రియాలిమిట్ ఉంది, సీలింగ్ (ఆ గీత) మైనస్ 1, మీటర్ చూసుకుంటూ మైనస్ 16 దాకా తెచ్చి ఆపండి. వీణ ఒక్కటే ఉన్న ట్రాకుని 14కి లాగితే అలిసిపోయినట్టు ఉంటుంది, సినిమా పాటతో పోటీ మనకెందుకు.

---

గోదారిగట్టు:

సరే, హార్డ్‌వేర్ ప్రస్తుతానికి పక్కన పెట్టేశాను. ఆ డబ్బుతో ఒక చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ మైకు, మంచి స్టాండ్ అనుకుంటున్నా. అయితే మా చిన్నాన్న కొడుకు సంక్రాంతికి అట్లాంటా నుంచి వస్తున్నాడు, @డాలస్_బాబాయ్ గారూ, ఆర్ఎన్‌సీ సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరికితే తెమ్మనాలని ఇంకా మనసులో పీకుతోంది. ఇక్కడ కరెంటుకి పనిచేస్తుందా? లేక హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏదైనా పాతది చూసుకోనా?

---

డాలస్_బాబాయ్:

హహ, పీకుతూనే ఉంటుంది, నాకు తెలుసు.

డబ్బాకి కరెంటు బయటి అడాప్టర్ నుంచి వస్తుంది. ఇక్కడ ఇచ్చే అడాప్టర్ 120 వోల్టులది, దాన్ని అక్కడ 230లో గుచ్చితే పొగే. అడాప్టర్ మీద రాసిన అవుట్‌పుట్ చదివి, వోల్టేజీ, ఏసీయా డీసీయా, ఆంపియర్లు, మూడూ కలిసే 230 వోల్టుల అడాప్టర్ అక్కడే తీసుకోండి. డీసీ అడాప్టర్లు వీధి వీధికీ దొరుకుతాయి, ఏసీ అవుట్‌పుట్‌వి అడిగి వెతకాలి, షాపువాడు "రెండూ ఒకటే సార్" అంటాడు, నమ్మొద్దు. దాని జాక్‌లు బ్యాలెన్స్‌డ్ కావు (బయటి రొద పట్టేస్తాయి) కాబట్టి కేబుళ్లు పొట్టిగా ఉంచుకోవాలి.

కోఠిలో పాతవి చూడాలంటే లాప్‌టాప్, 2ఐ2, రెండు కేబుళ్లు తీసుకెళ్లి అక్కడే ఏదైనా ట్రాక్ నడిపి వినండి. మండపాల్లో తిరిగివచ్చిన సరుకు ఎక్కువ, నాబ్ తిప్పితే బరబరమంటే లోపల దుమ్ము, అది శుభ్రం చేస్తే పోవచ్చు. ఒక చానెల్‌లో గెయిన్ రిడక్షన్ లైట్లు వెలిగి రెండో దాంట్లో వెలగకపోతే బేరం కూడా ఆడకండి.

---

మీటు_వీణ:

కొనేది మీ ఇష్టం కానీ అక్క వాయించిన ముప్పై సెకన్లు, ఏ ప్లగినూ లేకుండా, వేవ్ ఫైలుగా ఇక్కడ పెట్టండి, ఎంపీ3 వద్దు. మైకు ఎక్కడ పెట్టారో ఫోటో కూడా. హోరులో సగం గదిదా, మైకు దూరమా అన్నది విన్నాక చెప్తాను.